అమ్మ ఈ ఏడాది ఆవకాయ కలపలేకపోయింది. ఇది వయసు మరుపేనా?

గోదారి గట్టు, జూన్ 3

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మా అమ్మకి 72 ఏళ్ళు. మాది తణుకు దగ్గర పల్లెటూరు. నాన్న 2016లో పోయారు. తర్వాత అమ్మ ఒక్కతే ఆ ఇంట్లో ఉండేది. రెండేళ్ళ క్రితం నేను, మా ఆయన, పాప అమ్మ దగ్గరికే వచ్చేశాం. తమ్ముడు డల్లాస్‌లో ఉంటాడు.

అమ్మ ఆవకాయ అంటే మా చుట్టాల్లో పేరు. ముక్కలు నాలుగు గిన్నెలైతే కారం ఒకటి, ఆవపిండి ఒకటి, ఉప్పు ముప్పావు అని నిద్రలో లేపి అడిగినా చెప్పేది. ఈ మే నెలలో కొత్తపల్లి కొబ్బరి మామిడికాయలు తెప్పించాం. ముక్కలు కొట్టించి, తుడిచి, ఆరబెట్టాం. అన్నీ ముందు పెట్టుకుని అమ్మ పీట మీద కూర్చుంది. కారం వేసింది. చేతిలో గిన్నె అలాగే పట్టుకుని చాలాసేపు బేసిన్‌లోకి చూసింది. తర్వాత నా వంక చూసి "ఇప్పుడేం వెయ్యాలే?" అంది. హాస్యానికి అంటోందనుకున్నాను. కానీ అమ్మ కళ్ళల్లో భయం కనిపించింది. నేనే కలిపాను. మూడో రోజు తిరగ కలపాలన్న సంగతి కూడా అమ్మకి గుర్తు లేదు.

ఇది ఒక్క రోజుతో వచ్చింది కాదు, ఇప్పుడు వెనక్కి చూసుకుంటే తెలుస్తోంది. ఏడాదిన్నరగా అడిగిందే అడుగుతోంది. పెన్షన్ డబ్బు తనే ఎక్కడో పెట్టేసి, పనమ్మాయి తీసిందని పెద్ద గొడవ చేసింది. ఆ పిల్ల ఏడ్చుకుంటూ పని మానేసింది. పది రోజుల తర్వాత బియ్యం డబ్బాలో చెయ్యి పెడితే నోట్లు దొరికాయి. నేను వెళ్ళి ఆ అమ్మాయిని క్షమించమని అడిగాను, కానీ మళ్ళీ రానంది.

అన్నిటికంటే నన్ను చంపుతున్నది సాయంత్రం ప్రశ్న. దీపం పెట్టే వేళకి "మీ నాన్న ఇంకా రాలేదేంటే" అంటుంది. మొదటిసారి "నాన్న పోయారు కదమ్మా" అన్నాను. అప్పుడే కబురు విన్నట్టు గుండెలు బాదుకుని ఏడ్చింది. మర్నాడు మళ్ళీ అడిగింది. మళ్ళీ నిజమే చెప్పాను. మళ్ళీ అదే ఏడుపు. ఇలా ఎన్ని రోజులని ఆమెకి మొగుడు పోయిన కబురు చెప్పను?

ఊళ్ళో డాక్టర్ గారు ఐదు నిమిషాలు చూసి "వయసు కదమ్మా" అని బలానికి మాత్రలు రాశారు. మా పెద్దమ్మ చాదస్తం అంటుంది. పక్కింటివాళ్ళు తాయెత్తు కట్టించమన్నారు. తమ్ముడితో వీడియో కాల్‌లో మాత్రం "ఏం నాన్నా, తిన్నావా, చలిగా ఉందా అక్కడ" అని చక్కగా మాట్లాడుతుంది. వాడేమో "బాగానే ఉంది కదక్కా, నువ్వే టెన్షన్ పడుతున్నావు" అంటాడు.

ఇది మామూలు మరుపా, అల్జీమర్సా? ఎవరికి చూపించాలి? నాన్న గురించి అడిగితే ఏం చెప్పాలి? ఇంకొకటి, అడగడానికి సిగ్గుగా ఉంది కానీ అడుగుతున్నాను. నాకు 46. రేపు నాకూ ఇదే వస్తుందా?

వేపచెట్టు నీడ, జూన్ 3

అక్కా, అల్జీమర్స్ అని మీరే తేల్చేసుకోకండి. మా అత్తగారికి కూడా ఇలాగే మతిమరుపు, తికమక, నడుస్తుంటే తూలడం. నెల రోజుల్లో మనిషి మారిపోయారు. అందరం అదే అనుకున్నాం. స్కాన్ తీస్తే పుర్రెకీ మెదడుకీ మధ్య రక్తం చేరి ఉంది. అంతకు ముందు బాత్‌రూమ్‌లో జారి పడ్డారట, బొప్పి కట్టింది, తగ్గిపోయింది కదా అని మాకు చెప్పలేదు. పెద్దవాళ్ళలో ఆ రక్తం వారాల తరబడి మెల్లగా చేరుతుందని డాక్టర్ చెప్పారు. చిన్న ఆపరేషన్ చేసి తీసేశారు. ఇప్పుడు మా అత్తగారు పాలవాడి లెక్క నాకంటే బాగా చూస్తున్నారు.

మీ అమ్మగారిది ఏడాదిన్నరగా అంటున్నారు, అదే కాకపోవచ్చు. అయినా స్కాన్ లేకుండా వయసు అని ఎవరన్నా ఒప్పుకోవద్దు.

గడియారం బొమ్మ, జూన్ 4

అమ్మా, నేను హైదరాబాద్‌లో ఒక న్యూరాలజీ విభాగంలో జ్ఞాపకశక్తి పరీక్షలు చేస్తుంటాను. డాక్టర్‌ని కాదు, కానీ రోజూ మీలాంటి కుటుంబాలతోనే మాట్లాడతాను.

వయసు మరుపుకీ జబ్బుకీ తేడా మీ ఆవకాయలోనే ఉంది. ఆవపిండి డబ్బా ఎక్కడ పెట్టానో మర్చిపోతే అది ఎవరికైనా జరిగేదే. కారం వేశాక ఏం వెయ్యాలో, నలభై ఏళ్ళు చేసిన పనిలో వరస తప్పిపోవడం అలాంటిది కాదు. చేసుకునే పనులు చేసుకోలేకపోతే దాన్ని వయసు అని వదలకూడదు.

డిమెన్షియా అనేది ఒక జబ్బు పేరు కాదు. జ్ఞాపకం, ఆలోచన, మాట, పని చేసుకునే శక్తి రోజువారీ బతుకు దెబ్బతినేంతగా తగ్గిపోవడాన్ని అలా అంటారు. దానికి కారణమయ్యే జబ్బుల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది అల్జీమర్స్. నూటికి 60 నుంచి 70 మందిలో అదే. చిన్న చిన్న స్ట్రోకుల వల్ల వచ్చేది ఇంకోటి, బీపీ, షుగర్ సరిగ్గా చూసుకోనివాళ్ళలో ఎక్కువ. ఇంకో రకంలో గదిలో చిన్నపిల్లలు ఆడుతున్నారనో, ఎవరో కూర్చున్నారనో అంటారు, చేతులు వణుకుతాయి, నడక బిగుసుకుంటుంది. దాన్ని లూయీ బాడీ డిమెన్షియా అంటారు. మీ అమ్మగారికి అలాంటివి ఉంటే డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. ఆ రకంలో గొడవ తగ్గడానికి ఇచ్చే కొన్ని మందులు మనిషిని కట్టెలా బిగించేస్తాయి, ప్రాణం మీదికి కూడా రావచ్చు.

వృద్ధులకి వచ్చేదని అంటారు గానీ, 1901లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో డాక్టర్ అలోయిస్ అల్జీమర్ చూసిన ఆగస్టె డీటర్ అనే ఆవిడకి అప్పుడు 51 ఏళ్ళే. 1906లో ఆమె చనిపోయాక మెదడుని మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే కణాల బయట గడ్డల్లాంటివీ, లోపల చిక్కుపడ్డ దారాల్లాంటివీ కనిపించాయి. ఇవాళ వాటిలో మొదటిదాన్ని అమిలాయిడ్ అనీ, రెండోదాన్ని టౌ అనీ చెబుతున్నాం. అవి మరుపు బయటపడడానికి ఎన్నో ఏళ్ళ ముందే పేరుకోవడం మొదలుపెడతాయి. కొత్త సంగతుల్ని దాచుకునే హిప్పోక్యాంపస్ అనే భాగం తొందరగా దెబ్బతింటుంది. అందుకే పొద్దున తిన్న ఇడ్లీ గుర్తుండదు, పెళ్ళినాటి చీర రంగు గుర్తుంటుంది. "పాతవన్నీ గుర్తున్నాయి, ఇది మరుపెలా అవుతుంది" అని మా దగ్గర చాలామంది అడుగుతారు. అది ఈ జబ్బు తీరే.

న్యూరాలజిస్టుకి గానీ, పెద్దల మానసిక వైద్యం చూసే సైకియాట్రిస్టుకి గానీ చూపించండి. రక్తంలో బీ12, థైరాయిడ్, షుగర్, సోడియం, కిడ్నీ, లివర్ చూస్తారు. ఎమ్మారై గానీ సీటీ గానీ తీస్తారు. బీ12 తక్కువైనా, థైరాయిడ్ తక్కువైనా, దిగులు జబ్బు ఉన్నా మరుపు వస్తుంది, వాటికి వైద్యం ఉంది. ఇంట్లో వాడే మందులన్నీ ఒక సంచిలో వేసి పట్టుకెళ్ళండి. నిద్రమాత్రలు, కొన్ని పాతకాలం అలర్జీ మాత్రలు, మూత్రం ఆపుకోలేనివాళ్ళకిచ్చే కొన్ని మందులు మతిని మందగింపజేస్తాయి. షాపులో అడిగి తెచ్చుకునేవి మర్చిపోకండి.

మా దగ్గర పరీక్ష తెలుగులోనే ఉంటుంది. ఇవాళ ఏ వారం, ఇది ఏ ఊరు, మూడు మాటలు చెప్పి కాసేపాగి మళ్ళీ అడగడం, గడియారం బొమ్మ గీసి పదకొండూ పది చూపించమనడం. అమ్మగారు ఎంతవరకు చదువుకున్నారో ముందే చెప్పండి. బడి ముఖం చూడనివాళ్ళకి గడియారం గీయలేదని మార్కులు తీసేస్తే అది అన్యాయం. వాళ్ళకి సంతలో లెక్క, వంట వరస, చుట్టరికాలు అడిగి చూస్తాం.

మీ తమ్ముడిది అబద్ధం కాదు. పది నిమిషాల పలకరింపు మర్యాద ఈ జబ్బులో చాలాకాలం నిలుస్తుంది. "తిన్నావా" అనడానికి కొత్త జ్ఞాపకం అక్కర్లేదు. ఇక్కడ డాక్టర్ ముందు కూడా అలాగే నెగ్గుకొస్తారు, అందుకే ఐదు నిమిషాల్లో పట్టుకోలేరు. వారం రోజులు ఏం జరిగిందో తేదీలతో ఒక నోట్‌బుక్‌లో రాసి తీసుకెళ్ళండి.

మీ గురించి అడిగారు. సిగ్గెందుకమ్మా, ప్రతి కూతురూ అడుగుతుంది. 65 దాటాక వచ్చే అల్జీమర్స్ తల్లికి ఉంటే పిల్లలకి వచ్చే అవకాశం కొంత పెరుగుతుంది, వచ్చి తీరుతుందని కాదు. తల్లి నుంచి బిడ్డకి నేరుగా వచ్చే రకం చాలా అరుదు, అది తక్కువ వయసులోనే బయటపడుతుంది. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, పొగ, వినికిడి తగ్గడం, చూపు మందగించడం, ఒంటరితనం వంటి 14 కారణాల్ని సరిచూసుకుంటే దాదాపు 45 శాతం డిమెన్షియాని ఆపవచ్చు లేదా ఆలస్యం చేయవచ్చని 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ చెప్పింది. చెవుడు సంగతి మనవాళ్ళు పట్టించుకోరు, నేను మాత్రం వచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతాను. ఇంకొకటి, నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల్ని పరిశీలించి 2013లో ఒక సంగతి రాసింది. ఒక్క భాష వచ్చినవాళ్ళతో పోలిస్తే రెండు, అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్ళలో జబ్బు సుమారు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైంది. చదువు రానివాళ్ళలో కూడా ఆ తేడా కనిపించింది. మన హైదరాబాద్ వీధుల్లో తెలుగు, ఉర్దూ రెండూ మాట్లాడే అవ్వల లెక్క అది.

పాత బస్సు రూటు, జూన్ 4, రాత్రి

అమ్మా, నేను ఆర్టీసీలో 31 ఏళ్ళు కండక్టర్‌గా చేసి రిటైరైనవాణ్ణి. మాది విజయవాడ. మా ఆవిడకి ఈ జబ్బు 2013లో మొదలైంది. 2022 జనవరిలో వెళ్ళిపోయింది. పరీక్షల సంగతి పైన వాళ్ళు చెప్పారు. నేను సాయంత్రాల గురించి చెబుతాను.

మా ఆవిడ పుట్టిల్లు ఉయ్యూరు వైపు. ఐదు గంటలయితే చాలు, సంచిలో రెండు చీరలు సర్దుకుని గుమ్మంలో నిలబడేది. "నేను మా ఊరెళ్తా, మా అమ్మ ఎదురు చూస్తుంటుంది." వాళ్ళమ్మ పోయి అప్పటికి ఇరవై ఏళ్ళు. నేనూ నీలాగే నిజం చెప్పాను. తలుపు తాళం వేశాను. అరచేతులు కందిపోయేదాకా తలుపు కొట్టేది. వీధిలో వాళ్ళు నేను కొడుతున్నాననుకున్నారు.

ఒకరోజు నాకే విసుగొచ్చి చెప్పులేసుకుని "పద, బస్సెక్కిస్తా" అన్నాను. మా వీధి చివర రావిచెట్టు కింద అరుగు ఉంది. అక్కడ కూర్చోబెట్టి "ఉయ్యూరు బస్సుకి ఇంకా టైముంది, టీ తాగుదామా" అన్నాను. ఎదురుగా బండి మీద టీ తెచ్చాను. వాళ్ళమ్మ గురించి అడిగాను. ఏ పిండివంట బాగా చేసేది, ఎవర్ని ఎక్కువ తిట్టేది అని. గలగలా చెప్పింది. టీ అయ్యేసరికి సంచి మాట మర్చిపోయింది. "ఇక ఇంటికెళ్దామా" అంటే నా చెయ్యి పట్టుకుని వచ్చేసింది. ఆ తర్వాత ఏడాదిన్నర పాటు రోజూ అదే డ్యూటీ. ఒక్కోరోజు మొండికేస్తే జేబులో ఉంచుకున్న పాత టికెట్ ముక్క చేతిలో పెట్టేవాణ్ణి. టికెట్ చేతిలో పడితే నెమ్మదించేది. కండక్టర్ పెళ్ళాం కదా, టికెట్ ఉంటే బస్సు వదిలి వెళ్ళిపోదని నమ్మకం.

అబద్ధం చెప్పానని కొంతకాలం నాకు బాధ ఉండేది. తర్వాత అర్థమైంది, ఆమె అడుగుతున్నది ఊరు కాదు. చీకటి పడుతుంటే భయమేసి, భయం లేని చోటికి వెళ్దామంటోంది. మీ అమ్మ కూడా అంతే తల్లీ. దీపాల వేళకి మొగుడు ఇంటికి రావాలి, అది ఎన్ని ఏళ్ళ అలవాటు. కాబట్టి పోయారని చెప్పకు. వస్తున్నారని కూడా పదేపదే చెప్పనక్కర్లేదు, అప్పుడు గుమ్మంలోనే కూర్చుంటుంది. "నాన్నకి ఏం కూర ఇష్టమమ్మా?" అని అడుగు. "నాన్న మీద బెంగగా ఉందా?" అని పక్కన కూర్చో. చీకటి పడకముందే లైట్లన్నీ వెయ్యి. మసక వెలుతురులో నీడలు చూసి వాళ్ళకి తికమక ఇంకా పెరుగుతుంది.

ఇంట్లో కొన్ని మార్పులు చెయ్యాలి. బాత్‌రూమ్‌కి లోపలి గడియ తీసేయించు. గుమ్మం ముందు నల్ల పట్టా ఉంటే తీసెయ్యి, వాళ్ళ కళ్ళకి అది గొయ్యిలా కనిపిస్తుంది. మా ఆవిడ దాన్ని దాటలేక అక్కడే నిలబడి బట్టల్లో పోసుకునేది, నేనేమో మొండితనం అనుకున్నాను. అద్దంలో తనని చూసుకుని "ఎవరో ఆవిడ ఇంట్లోకొచ్చింది" అంటే అద్దానికి గుడ్డ కప్పు. రాత్రి గ్యాస్ రెగ్యులేటర్ తీసి బీరువాలో పెట్టు. స్నానానికి తల మీద నీళ్ళు గుమ్మరించకు, ముందు పాదాల మీద, తర్వాత చేతుల మీద. వెండి కడియం ఒకటి చేయించి ఫోన్ నంబరు చెక్కించి వేయి. మా ఆవిడ రెండుసార్లు తప్పిపోయింది. రెండోసారి దొరికింది ఆ కడియం వల్లే.

ఉన్నట్టుండి రెండు మూడు రోజుల్లో మనిషి బాగా తేడా చేస్తే జబ్బు ముదిరిందని సరిపెట్టుకోకు. మా ఆవిడ ఒకసారి నన్ను పూర్తిగా గుర్తు పట్టలేదు, పక్క మీద ఏవో పురుగులు ఏరుతోంది. చూస్తే మూత్రంలో ఇన్‌ఫెక్షన్. మందులు వాడితే వారానికి మళ్ళీ మునుపటి మనిషైంది. వాళ్ళకి నొప్పి ఉందని చెప్పడం రాదు. మలబద్ధకం, పంటి నొప్పి, నీళ్ళు తక్కువ తాగడం, ఇవన్నీ గొడవ రూపంలోనే బయటికొస్తాయి.

ఇప్పుడు చెప్పేది ఎవరికీ చెప్పలేదు. ఒక రాత్రి మూడోసారి దుప్పటి మార్చాక నేను ఆమె మీద చెయ్యి చేసుకున్నాను. చెంప పట్టుకుని "మీరెవరండీ, మా ఆయన్ని పిలవండి" అంది. నన్ను కాపాడమని నన్నే పిలిచింది. తెల్లారేదాకా వంటింట్లో కూర్చున్నాను. పొద్దున్నే మా మరదలికి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆవిడ తిట్టలేదు. గురువారం, ఆదివారం తను వస్తానంది. మూడేళ్ళు వచ్చింది. ఆ రెండు రాత్రుల నిద్ర వల్లే నేను మళ్ళీ మనిషినయ్యాను. నువ్వు నా దాకా రాకముందే అడుగు. అన్నీ నేనే చేస్తానని పంతం పట్టకు. పెద్దలకోసం ప్రభుత్వం పెట్టిన ఎల్డర్ లైన్ 14567కి ఫోన్ చేస్తే దగ్గర్లో ఏ సాయం ఉందో చెబుతారు, డబ్బు కట్టక్కర్లేదు.

చివరి ఏడాది గురించి ఇప్పుడు చెప్పను. నీ దగ్గరికి ఇంకా రాలేదు. మింగడం కష్టమవుతుంది, నీళ్ళకి పొలమారుతుంది. అప్పుడు పల్చటి నీళ్ళకంటే చిక్కటి రాగిజావ తేలిగ్గా దిగుతుంది, నిటారుగా కూర్చోబెట్టి పెట్టాలి. ఇంతే గుర్తు పెట్టుకో.

గోదారి గట్టు, ఆగస్టు 17

అందరికీ దండాలు. రెండు నెలలు రాయలేకపోయాను.

నోట్‌బుక్ రాసుకుని విజయవాడలో న్యూరాలజిస్టుకి చూపించాం. ఆయన గంట సేపు కూర్చున్నారు. సగం సేపు అమ్మని బయట కూర్చోబెట్టి నాతోనే మాట్లాడారు. నేను అమ్మ ముందు ఇవన్నీ చెప్పలేనని ఆయనకి ముందే తెలిసినట్టుంది. బీ12 బాగా తక్కువ ఉంది. ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. ఆరు వారాలకి ఒంట్లో ఓపిక వచ్చింది, కాళ్ళ తిమ్మిరి తగ్గింది, పొద్దున్నే లేచి ముగ్గేస్తోంది. నేను ఎంత ఆశ పడ్డానో చెప్పలేను. కానీ మరుపు మాత్రం అలాగే ఉంది. పరీక్షలో 30కి 17 వచ్చాయి. ఎమ్మారైలో మీరు చెప్పిన ఆ హిప్పోక్యాంపస్ రెండు వైపులా కుంచించుకుపోయిందన్నారు. అల్జీమర్స్ అనే చెప్పారు.

ఈసీజీ తీసి డోనెపెజిల్ 5 మిల్లీగ్రాములు రాశారు. ఇది జబ్బుని తగ్గించదు, ఆపదు, కొందరిలో కొంతకాలం మతి కాస్త తేటగా ఉంచుతుంది, అంతే ఆశించమని ఉన్నదున్నట్టు చెప్పారు. గుండె వేగం తగ్గినా, విరేచనాలైనా, తిండి తగ్గినా ఫోన్ చెయ్యమన్నారు. అమెరికాలో వచ్చిన కొత్త ఇంజెక్షన్ల గురించి తమ్ముడు పంపిన వార్తలు చూపించాను. అమిలాయిడ్‌ని తీసేసే మందులే గానీ, జబ్బు మొదట్లో ఉన్నవాళ్ళకే, అదీ జబ్బు నడకని కొంచెం నెమ్మదింపజేస్తాయనీ, మెదడులో వాపు, రక్తస్రావం రాకుండా పదేపదే స్కాన్లు తియ్యాలనీ, అమ్మ ఆ దశ దాటిందనీ అన్నారు.

బాబాయి గారూ, సాయంత్రం సంగతి. ఇప్పుడు అమ్మ అడగ్గానే "నాన్నకి ఏం కూర ఇష్టమమ్మా" అంటున్నాను. "గుత్తొంకాయ. ఉల్లికారం పెట్టాలి, ధనియాలు ఎక్కువైతే కంచం నెట్టేస్తారు" అని మొదలుపెడుతుంది. రోజూ అదే కూర, రోజూ అదే కంచం. కానీ రెండు నెలల్లో అమ్మ నాన్న కోసం ఒక్కసారే ఏడ్చింది. ఆ రోజు కరెంటు పోయింది.

పని మానేసిన అమ్మాయి ఇంటికి వెళ్ళి డాక్టర్ చీటీ చూపించి, ఇది జబ్బని చెప్పాను. "మా తాత కూడా ఇలాగే అనేవాడు, మేం కొట్టేవాళ్ళం" అని ఏడ్చింది. సోమవారం నుంచి పన్లోకి వస్తోంది.

ఒక సాయం కావాలి. అమ్మ పేరు మీద రెండు ఫిక్స్‌డ్ డిపాజిట్లు, ఇల్లు ఉన్నాయి. సంతకం ఒక్కోసారి కుదరడం లేదు. మొన్న ఎవడో పోలీసునని వీడియో కాల్ చేస్తే అమ్మ పాస్‌బుక్ నంబరు చదివేస్తోంది, నేను చూశాను కాబట్టి సరిపోయింది. ఏం చెయ్యాలి?

పాస్‌బుక్, ఆగస్టు 18

మేడమ్, నేను బ్యాంకులో పాతికేళ్ళు చేశాను. ఈ పని వచ్చే నెలకి వాయిదా వెయ్యకండి.

అందరూ పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకుంటే సరిపోతుందనుకుంటారు. మన చట్టంలో రాసిచ్చినవాళ్ళ మతి స్థిమితం పోతే అది చెల్లదు. అంటే అవసరం పడేనాటికి అది పనికిరాకుండా పోతుంది. అమ్మగారికి విషయం చెబితే అర్థం చేసుకుని తన ఇష్టం చెప్పగలిగే స్థితి ఇంకా ఉందేమో డాక్టర్‌ని అడగండి. ఉందంటే ఆ మేరకు ఆయన చేత రాయించుకుని, వీలునామా రిజిస్టర్ చేయించండి. తమ్ముడికి చెప్పే చెయ్యండి, చాటుగా వద్దు. డిపాజిట్లలో నామినీ ఉందో లేదో చూసి, ఆమె ఒప్పుకుంటే మీ పేరు ఐదర్ ఆర్ సర్వైవర్ కింద, అంటే ఇద్దరిలో ఎవరైనా డబ్బు తీసుకునేలా, చేర్పించండి. స్థితి దాటిపోయాక అయితే కోర్టుకి వెళ్ళి గార్డియన్‌గా వేయించుకోవాలి. దానికి చాలా కాలం పడుతుంది.

సంతకం కుదరకపోతే వేలిముద్ర వేయించవచ్చు, ఇద్దరు సాక్షులు కావాలి, ఒకరు బ్యాంకు అధికారి అయి ఉండాలి. 70 దాటినవాళ్ళకి ఇంటికొచ్చి సేవ చెయ్యాలని రిజర్వు బ్యాంకు 2017లోనే బ్యాంకులకి చెప్పింది, అడగండి. అమ్మగారి ఫోన్‌లో బ్యాంకు యాప్ తీసేయండి, ఏటీఎం పరిమితి తగ్గించండి. పోలీసులు ఎవరినీ వీడియో కాల్‌లో అరెస్టు చెయ్యరు. అలాంటి కాల్ వల్ల డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చెయ్యాలి.

గోదారి గట్టు, ఆగస్టు 24

పాస్‌బుక్ గారూ, డాక్టర్ గారు ఈ వారమే చూసి రాసిచ్చారు. అమ్మ స్పష్టంగా "ఇల్లు ఇద్దరికీ సగం సగం" అంది. మూడుసార్లు మూడు రకాలుగా అడిగారు, మూడుసార్లూ అదే అంది. పనులు మొదలుపెట్టాం.

తమ్ముడికి ఇక వీడియో కాల్ చేయించలేదు. అమ్మ గీసిన గడియారం కాగితం ఫోటో పంపించాను. అంకెలన్నీ ఒకే పక్కన కుప్పగా ఉన్నాయి, ముల్లు గుండ్రం బయట ఉంది. కింద అమ్మ సంతకం. మా ఇద్దరి ప్రోగ్రెస్ కార్డుల మీద చేసిన సంతకమే, సగంలో ఆగిపోయింది. వాడు రెండు రోజులు మాట్లాడలేదు. నిన్న రాత్రి ఫోన్ చేసి డిసెంబర్‌లో మూడు వారాలకి టికెట్ బుక్ చేశానన్నాడు. రాత్రి కాపలా వాడిదని ఇప్పుడే చెప్పేశాను. సరేనన్నాడు.

గడియారం బొమ్మ గారూ, చెవి పరీక్ష చేయించాం. అమ్మకి కుడి చెవి బాగా తగ్గింది. మిషన్ పెట్టుకోవడానికి అలవాటు పడుతోంది. టీవీ సౌండ్ తనే తగ్గించమంటోంది.

బాబాయి గారూ, కడియం చేయించాను. నంబరు దగ్గర ఆగిపోయాం. మా కంసాలి చేత్తో అంత చిన్న అంకెలు చెక్కడం కుదరదంటున్నాడు. మీరెక్కడ చేయించారు?

పాత బస్సు రూటు, ఆగస్టు 24, రాత్రి

స్టీలు సామాన్ల షాపుకి తీసుకెళ్ళమ్మా. గిన్నెల మీద పేర్లు కొట్టే మిషన్ కుర్రాడు ఉంటాడు, ఐదు నిమిషాల పని. రెండు నంబర్లు కొట్టించు, నీదీ మీ ఆయనదీ. లోపలి వైపు కాదు, బయటి వైపు. వెనక ఊరి పేరు కూడా వేయించు. సబ్బు నీళ్ళతో వేస్తే కడియం చేతికి తేలిగ్గా ఎక్కుతుంది. అమ్మకి గాజులు వేస్తున్నానని చెప్పి వెయ్యి, కాదనదు.